ఆమ్లం నీళ్ళలోనా, నీళ్ళు ఆమ్లంలోనా?

సెప్టెంబరు నెల వచ్చిందంటే ఇంగ్లండులో ఇయర్ సెవెన్‌లో అడుగుపెట్టిన పిల్లలు బడినుంచి రెండు కాగితాలు తెస్తారు. ఒకటి, బున్సెన్ బర్నరు జాగ్రత్తగా వెలిగించి ఆర్పడం వచ్చినందుకు చాలా బడుల్లో ఇచ్చే ‘లైసెన్సు’. అది వెంటనే ఫ్రిజ్ తలుపు మీదకి ఎక్కుతుంది. రెండోది, సైన్సు లాబ్‌లో పాటించవలసిన నియమాల జాబితా. దాని కింద మనం సంతకం పెట్టి తిరిగి పంపాలి. మన సంగతి తెలిసిందేగా! పొద్దున్న బస్సు టైముకి పెన్ను వెతుక్కుని, చదవకుండానే గీకి ఇచ్చేస్తాం.

ఈ వ్యాసం ఆ రెండో కాగితం గురించి.

కళ్ళకి గాగుల్స్ పెట్టుకోవాలి, జుట్టు ముడి వేసుకోవాలి, నిలబడే ప్రయోగం చెయ్యాలి, దేన్నీ రుచి చూడకూడదు, వాసన నేరుగా పీల్చకూడదు... పైపైన చదివితే ఇదంతా పెద్దవాళ్ళ చాదస్తంలా ఉంటుంది. కానీ ఒక్కొక్క నియమం వెనుక ఒక రసాయనశాస్త్ర పాఠం ఉంది. ఆ కారణం తెలిసిన పిల్లలు నియమాన్ని లాబ్‌లోనే కాదు, ఇంట్లో వంటగదిలోనూ స్నానాలగదిలోనూ కూడా పాటిస్తారు. కారణం తెలియకపోతే అది టీచరు అటు తిరగగానే మరిచిపోయే నియమం. ఇంట్లోనేమో టీచరు ఉండదు, ఆమ్లాలూ క్షారాలూ మాత్రం ఉంటాయి!

పులుసులో ఉన్న శాస్త్రం

ఆమ్లం అనగానే పిల్లలు సినిమాల్లో పొగలు కక్కే ద్రవాన్ని ఊహించుకుంటారు. నిజానికి మన భోజనమే ఆమ్లాలమయం. చింతపండులో టార్టారిక్ ఆమ్లం, నిమ్మకాయలో సిట్రిక్ ఆమ్లం, మజ్జిగలో లాక్టిక్ ఆమ్లం. అన్నం తిన్నాక కడుపులో దాన్ని అరిగించడానికి తోడ్పడేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. అమ్మమ్మలు ఇత్తడి చెంబుని చింతపండుతో తోమడం కూడా ఆమ్లం పనే. చెంబు మీద పేరుకున్న నల్లటి ఆక్సైడు పొరని ఆ పులుపు కరిగిస్తుంది.

మన భాషలో కొన్ని పేర్లు చూడండి. కార్బన్ డయాక్సైడుకి పాత తెలుగు పుస్తకాల్లో బొగ్గుపులుసు వాయువు అని పేరు. ఎంత చక్కని పేరు! బొగ్గు కాలితే వచ్చేది, నీళ్ళలో కరిగితే పులుపెక్కేది అని పేరులోనే చెప్పేశారు.

ఇంకో పేరు కథ ఇంకా బాగుంటుంది. ఆక్సిజన్‌ని ఆమ్లజని అన్నాం, అంటే ఆమ్లాన్ని పుట్టించేది. ఇది ఫ్రాన్సు శాస్త్రవేత్త లావోజియే 1770ల చివర్లో పెట్టిన పేరుకి అచ్చమైన తెలుగు. ప్రతి ఆమ్లంలోనూ ఆక్సిజన్ ఉండి తీరాలని ఆయన నమ్మకం. కానీ 1810లో లండన్‌లో హంఫ్రీ డేవీ ఒక సంగతి తేల్చాడు. క్లోరిన్ ఒక మూలకం, హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఉన్నవి హైడ్రోజన్, క్లోరిన్ మాత్రమే, ఆక్సిజన్ లేనే లేదు. అంటే ఆమ్లాన్ని ఆమ్లంగా చేసేది హైడ్రోజన్ అన్నమాట! ఆమ్లజని అనే పేరు న్యాయంగా హైడ్రోజన్‌కి దక్కాలి. కానీ ఈపాటికే దానికి ఉదజని, అంటే నీటిని పుట్టించేది అనే పేరు స్థిరపడిపోయింది. మీ పిల్లలకి తెలుగు రాదని బెంగపడుతుంటే ఈ కథ చెప్పి చూడండి. తెలుగూ వస్తుంది, కెమిస్ట్రీ కూడా వస్తుంది.

ఇక్కడ పిల్లలు పరీక్షల్లో తడబడే విషయం ఒకటుంది. బలమైన ఆమ్లం వేరు, గాఢమైన ఆమ్లం వేరు. నీళ్ళలో పూర్తిగా అయాన్లుగా విడిపోయేది బలమైన ఆమ్లం. హైడ్రోక్లోరిక్, సల్ఫ్యూరిక్, నైట్రిక్ ఆమ్లాలు ఈ జాతివి. వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లం కొద్దిగానే విడిపోతుంది కాబట్టి అది బలహీనం. ఇక గాఢత అంటే ఎంత నీటిలో ఎంత ఆమ్లం ఉంది అని. టీ పొడి మంచి రకమా కాదా అన్నది ఒక ప్రశ్న, ఎన్ని చెంచాలు వేశారు అన్నది వేరే ప్రశ్న కదా, ఇదీ అంతే. బలహీనమైన ఎసిటిక్ ఆమ్లమైనా నీళ్ళు కలపకుండా ఒంటి మీద పడితే కాలుస్తుంది. ‘బలహీనం’ అన్న మాట విని ధైర్యం చెయ్యకూడదు.

తోడు పాలలో వేస్తాం

ఇప్పుడు శీర్షికలో అడిగిన ప్రశ్నకి వద్దాం. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని పల్చన చెయ్యాలంటే ఆమ్లాన్ని కొద్దికొద్దిగా నీళ్ళలో పోస్తూ కలపాలి. ఆమ్లంలో నీళ్ళు ఎప్పుడూ పొయ్యకూడదు. రెండూ కలిసేవే కదా, ఎటునుంచి పోస్తే ఏం?

వంటింట్లో జవాబు ఉంది. కాగిన నూనెలో ఒక్క నీటిచుక్క పడితే ఏమవుతుంది? నీళ్ళు ఒక్కసారిగా ఆవిరై, నూనెని నలువైపులా చిమ్ముతాయి. సల్ఫ్యూరిక్ ఆమ్లానికి నీళ్ళంటే విపరీతమైన ఆకలి. కలిసిన చోట చాలా వేడి పుడుతుంది. పైగా ఆ ఆమ్లం సాంద్రత 1.84, అంటే నీళ్ళకి రెట్టింపుకి కాస్త తక్కువ బరువు. పైనుంచి నీళ్ళు పోస్తే అవి మునగకుండా పైపొర మీదే తేలి, అక్కడే వేడెక్కి, మరిగి, చుట్టూ ఉన్న ఆమ్లంతో సహా ఎగిరిపడతాయి. అది పడేది పోస్తున్నవాళ్ళ మొహం మీదే. అదే ఆమ్లాన్ని నీళ్ళలో పోస్తే బరువుగా ఉన్న ఆమ్లం కిందికి దిగుతూ కలుస్తుంది. చుట్టూ బోలెడు నీళ్ళున్నాయి కాబట్టి పుట్టిన వేడిని అవి పంచుకుంటాయి.

ఇంగ్లీషు బడుల్లో దీనికో చిన్న ప్రాస నేర్పుతారు. మన పిల్లలకి నేను చెప్పేది ఇది: తోడు పాలలో వేస్తాం, పాలు తోడులో పొయ్యం. ఆమ్లం తోడు, నీళ్ళు పాలు. గుర్తుండిపోతుంది.

చురుకైన పిల్లలు ఇక్కడ ఒక ప్రశ్న వేస్తారు. ఊళ్ళో తాతయ్య ఇంటికి వెళ్ళినప్పుడు ఇన్వర్టర్ బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ పోస్తారు కదా, అది ఆమ్లంలో నీళ్ళు పొయ్యడం కాదా అని. మంచి ప్రశ్న! బ్యాటరీలో ఉన్నది అప్పటికే నీళ్ళు కలిసిన ఆమ్లం, అందులో ఆమ్లంకన్నా నీళ్ళే ఎక్కువ. దాని ఆకలి చాలావరకు తీరిపోయింది కాబట్టి కాస్త నీళ్ళు పోసినా ఎగిరిపడదు. అయినా బ్యాటరీ దగ్గర ఇంకో ప్రమాదం ఉంది, దాని సంగతి కాసేపట్లో.

ఎందుకో చెప్పే జాబితా

బడి ఇచ్చిన జాబితాని ఇప్పుడు కారణాలతో కలిపి చదువుదాం.

గాగుల్స్ ఎందుకు? చర్మం మీద పడ్డ చుక్కని కడుక్కునే వ్యవధి ఉంటుంది, కన్నుకి ఆ వ్యవధి తక్కువ. నా వృత్తి కంప్యూటర్లు. అక్కడ పొరపాటు మీట నొక్కితే ‘అన్‌డూ’ ఉంటుంది. కంటికి అది లేదు. మన ప్రయోగం అయిపోయినా పక్కవాళ్ళది అయిపోలేదు కాబట్టి, టీచరు చెప్పేదాకా గాగుల్స్ తియ్యకూడదు.

నిలబడి చెయ్యడం ఎందుకు? బల్ల మీద సీసా ఒరిగితే ద్రవం అంచుదాకా పారి కిందికి కారుతుంది. కూర్చున్నవాళ్ళ ఒడిలో పడుతుంది, నిలబడినవాళ్ళు ఒక అడుగు వెనక్కి వేస్తారు.

జుట్టు ముడి ఎందుకు? వంగినప్పుడు జడ ముందుకు జారుతుంది, బున్సెన్ బర్నరు నీలిమంట పగటి వెలుతురులో సరిగ్గా కనిపించదు. అందుకే వాడనప్పుడు గాలి రంధ్రం మూసి పసుపుపచ్చ మంట పెడతారు. ఆ మంటకి వేడి తక్కువ అన్నది ఒక కారణం, అందరికీ కనబడుతుంది అన్నది రెండో కారణం.

పరీక్షనాళిక మూడో వంతుకి మించి నింపకూడదు, వేడిచేసేటప్పుడు దాని మూతి ఎవరి వైపూ ఉండకూడదు. అడుగున మరిగిన ద్రవం పైనున్నదాన్ని తుపాకీ గుండులా తోసేస్తుంది.

దేన్నీ నోట్లో పెట్టుకోకూడదు. ఇది మీకు వింతగా ఉండవచ్చు గానీ, నేను ఇంటర్మీడియెట్ చదివిన 1990ల్లో మా దగ్గర పిపెట్టులోకి ద్రవాన్ని నోటితోనే పీల్చేవాళ్ళం. ఇప్పుడు పిల్లలకి రబ్బరు బుడ్డి గల ఫిల్లర్లు ఇస్తున్నారు.

వాసన చూడాలంటే సీసా దగ్గర ముక్కు పెట్టకూడదు. అరచేత్తో విసిరి కొద్దిగా గాలిని ముక్కు వైపు తెచ్చుకోవాలి. దీనికి బలమైన కారణం హైడ్రోజన్ సల్ఫైడు. కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేసే ఈ వాయువు కొంచెం ఉంటే ముక్కు వెంటనే పసిగడుతుంది. మోతాదు పెరిగితే వాసన పట్టే శక్తినే చంపేస్తుంది. ‘వాసన పోయింది, ఇక ఫరవాలేదు’ అనుకునే క్షణమే ప్రమాదకరమైన క్షణం. అంటే ముక్కు నమ్మదగిన పరికరం కాదు. అందుకే పరీక్షలు పుట్టాయి.

కనిపించని వాయువుని పట్టుకోవడం

హైడ్రోజన్, ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడు మూడింటికీ రంగు లేదు, మామూలుగా వాసనా లేదు. మూడు నాళికలు పక్కపక్కన పెడితే మూడూ ఖాళీగానే కనిపిస్తాయి. ఏది ఏదో చెప్పడమే జీసీఎస్ఈ పిల్లలకి వచ్చే ప్రశ్న.

హైడ్రోజన్ నాళిక మూతి దగ్గర మండుతున్న పుల్ల పెడితే ‘టప్’ మంటుంది. 1766లో హెన్రీ కావెండిష్ లోహాల మీద ఆమ్లాలు పోసి ఈ వాయువుని రాబట్టి, మండే గాలి అని వర్ణించాడు. శుద్ధమైన హైడ్రోజన్ నెమ్మదిగా, చప్పుడు లేకుండా మండుతుంది. గాలితో కలిసినప్పుడే పేలుతుంది. నాళికలో పిడికెడు కూడా లేదు కాబట్టి టప్‌తో సరిపోయింది. ఇందాక చెప్పిన ఇన్వర్టర్ బ్యాటరీ చార్జి అవుతున్నప్పుడు వచ్చేది కూడా ఈ హైడ్రోజనే. మూసిన గదిలో అది చేరితే వినిపించేది టప్ కాదు. అందుకే బ్యాటరీ ఉన్న చోట గాలి ఆడాలి, దాని దగ్గర అగ్గిపుల్ల గియ్యకూడదు, దీపం పెట్టకూడదు.

ఆక్సిజన్ ఉన్న నాళికలో, మంట ఆర్పేసి కొన ఎర్రగా ఉన్న పుల్ల పెడితే అది మళ్ళీ భగ్గుమంటుంది. ఆక్సిజన్ తాను మండదు, మండేవాటిని మండిస్తుంది. పరీక్షలో ‘ఆక్సిజన్ మండుతుంది’ అని రాస్తే మార్కు పోతుంది.

కార్బన్ డయాక్సైడుని తేట సున్నపునీళ్ళలోకి పంపితే నీళ్ళు పాలలా తెల్లబడతాయి. స్కాట్లండ్‌లో జోసెఫ్ బ్లాక్ 1750ల్లో ఈ వాయువుని పరిశోధించి, మనం వదిలే ఊపిరిలోనూ అది ఉందని ఈ పద్ధతిలోనే చూపించాడు. తెల్లగా తేలేది కాల్షియం కార్బొనేటు. సంక్రాంతికి గోడకి కొట్టిన సున్నం నాలుగు రోజుల్లో గట్టిపడి తెల్లగా మెరవడం అచ్చంగా ఇదే చర్య. గాలిలోని బొగ్గుపులుసు వాయువుని సున్నం పీల్చుకుంటుంది.

వాయువు పరీక్షలు పుస్తకాల్లోనే ఉన్నాయనుకోకండి. మన పల్లెల్లో పాడుబడ్డ బావిలో పూడిక తియ్యడానికి దిగేముందు తాడు కట్టి లాంతరు దించేవారు. దీపం ఆరిపోతే మనిషి దిగకూడదని గుర్తు. 1815లో డేవీ తయారుచేసిన గని దీపం కూడా అటువంటిదే. మంట పెరిగితే మండే వాయువు ఉన్నట్టు, కొడిగడితే ఊపిరికి చాలినంత ఆక్సిజన్ లేనట్టు. అయితే దీపం అన్ని విషవాయువులనీ పట్టలేదు. హైడ్రోజన్ సల్ఫైడు మనిషిని పడగొట్టే మోతాదులో ఉన్నా దీపం వెలుగుతూనే ఉంటుంది. అందుకే ఇవాళ అటువంటి చోట్ల దిగడానికి వాయువుల్ని కొలిచే పరికరాలు కావాలి.

నాలుగో వాయువు క్లోరిన్. దీని పరీక్ష అన్నిటికన్నా జాగ్రత్తగా వినదగ్గది. తడిపిన నీలి లిట్మస్ కాగితం ముందు ఎరుపెక్కి, తర్వాత రంగంతా పోయి తెల్లబడుతుంది. కాగితం తడిగా ఎందుకుండాలి? క్లోరిన్ నీళ్ళతో కలిస్తే రెండు ఆమ్లాలు పుడతాయి. ఒకటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం, రెండోది హైపోక్లోరస్ ఆమ్లం. ఆమ్లం వల్ల కాగితం ఎర్రబడుతుంది, హైపోక్లోరస్ వల్ల రంగు విరుగుతుంది. ఇప్పుడు ఒక్క క్షణం ఆలోచించండి. మన కళ్ళు తడి, ముక్కు తడి, ఊపిరితిత్తులు తడి. కాగితానికి జరిగిందే మన లోపలా జరుగుతుంది. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలో ఈప్ర్ యుద్ధరంగంలో జర్మన్ సైన్యం వదిలిన విషవాయువు ఈ క్లోరినే.

స్నానాలగదిలో ఆ వాయువు

యుద్ధం మాట ఎందుకంటే, ఆ వాయువు తయారీకి కావలసిన రెండు సరుకులూ మన ఇళ్ళలో ఒకే అల్మరాలో ఉంటాయి కాబట్టి.

లండన్‌లోనూ ఆగ్నేయ ఇంగ్లండులోనూ చాలా చోట్ల నీళ్ళు సున్నపురాతి పొరలగుండా వస్తాయి. అందుకే కెటిల్ అడుగునా కుళాయిల చుట్టూ తెల్లటి పెచ్చు కడుతుంది. అది మళ్ళీ మన కాల్షియం కార్బొనేటే. దాన్ని వదిలించే లైమ్‌స్కేల్ రిమూవర్లు ఆమ్లాలు. టాయిలెట్‌లో క్రిములు చావడానికి వాడే బ్లీచ్ సోడియం హైపోక్లోరైట్. ఈ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు బయటికొస్తుంది. ఊళ్ళో బ్లీచింగ్ పౌడరు మీద బాత్రూం యాసిడ్ పోసినా వచ్చేది అదే.

ఒక వేసవిలో మా అమ్మ ఇక్కడికి వచ్చింది. ఊరికే కూర్చోవడం ఆవిడకి చేతకాదు. ఒకరోజు మేడమీద స్నానాలగదిలో ఆవిడకీ, ఇయర్ టెన్ చదువుతున్న మా అమ్మాయికీ జరిగిన సంభాషణ ఇది.

“ఈ బ్లీచ్‌తో మురికి పోతోంది గానీ కుళాయి చుట్టూ ఈ పెచ్చు వదలడం లేదే అమ్మడూ! ఆ రెండో సీసాలోది కూడా కాస్త దీన్లో పోద్దాం, ఇలా ఇయ్యి.”

“వద్దు నాన్నమ్మా! రెండూ కలిపితే క్లోరిన్ వస్తుంది.”

“వస్తే ఏమవుతుందే?”

“ఊపిరాడదు. మా క్లాసులో ఉప్పునీళ్ళలోకి కరెంటు పంపి కొంచెం క్లోరిన్ చేశాం. తడి కాగితం ఎర్రబడి, తెల్లగా అయిపోయింది. నీ గొంతు కూడా తడే కదా, అందులో కూడా అంతే.”

మా అమ్మ సీసా కింద పెట్టేసింది. “మన ఊళ్ళో యాసిడ్ పోసి కడిగినప్పుడల్లా కళ్ళు మండేవి, దగ్గు వచ్చేది. మందు బాగా పనిచేస్తోందనుకునేదాన్ని,” అంది.

ఆ మాటే ఈ వ్యాసం రాయించింది. దగ్గు వస్తే మందు పనిచేస్తోందని కాదు, పారిపొమ్మని ఒళ్ళు చెబుతోందని. మా అమ్మాయి నియమం అప్పజెప్పి ఉంటే మా అమ్మ ‘చాల్లే, మాకు తెలీదా’ అనేది. కారణం చెప్పింది కాబట్టి సీసా కింద పెట్టింది.

క్లోరిన్ గాలికన్నా సుమారు రెండున్నర రెట్లు బరువు. నేల మీదికి దిగి పరుచుకుంటుంది. అంటే పాకే పిల్లలకీ, వంగి తోముతున్నవాళ్ళకీ ముందు తగులుతుంది. ఘాటు తగిలిన వెంటనే అన్నీ వదిలేసి బయటికి రావాలి. దారిలో చెయ్యి అందితే కిటికీ తెరవాలి, సీసాలు సర్దడానికి మాత్రం వెనక్కి వెళ్ళకూడదు. ఊపిరి కష్టంగా ఉంటే 999కి, లేకపోతే సలహా కోసం 111కి ఫోను చెయ్యాలి.

బ్లీచ్‌ని అమ్మోనియా ఉన్న క్లీనర్లతోనూ కలపకూడదు. క్లోరమీన్లనే విషవాయువులు పుడతాయి. క్లోరినూ నత్రజనీ కలిసిన నైట్రోజన్ ట్రైక్లోరైడు అనే పదార్థంతో 1812లో ప్రయోగం చేస్తుంటే అది పేలి డేవీ అంతటివాడి కంటికే గాయమైంది. రాయడానికి చూపు సహకరించని ఆ రోజుల్లో సాయానికి పిలిచిన కుర్రాడే మైకేల్ ఫారడే. మరుసటి ఏడాది ఫారడేకి లండన్‌లో ఆల్బమార్ల్ వీధిలోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఉద్యోగం దొరికింది. ఆ భవనం ఇప్పటికీ అక్కడే ఉంది. పిల్లలతో అటు వెళ్ళినప్పుడు చూపించి ఈ కథ చెప్పండి.

చెప్పు, విప్పు, కడుగు

ఒంటి మీద ఆమ్లం పడితే ఏం చెయ్యాలి? 2017లో ఇక్కడి ఎన్‌హెచ్ఎస్ మూడు ఇంగ్లీషు మాటల్లో ప్రచారం చేసింది. వాటిని తెలుగులో ‘చెప్పు, విప్పు, కడుగు’ అనుకోవచ్చు. 999కి ఫోను చేసి చెప్పు. తడిసిన బట్టలు జాగ్రత్తగా విప్పు. ధారగా పారే చల్లటి నీళ్ళతో కడుగు, కనీసం 20 నిమిషాలు. కంట్లో పడినా అంతే, రెప్పలు తెరిచి పట్టుకుని 20 నిమిషాలు.

ఆమ్లానికి విరుగుడు క్షారం కదా అని సోడా రుద్దకూడదు. ఆ రెండూ కలిసినప్పుడు పుట్టే వేడి గాయాన్ని పెంచుతుంది. పసుపు, టూత్‌పేస్టు, వెన్న, ఏవీ పుయ్యకూడదు. పొరపాటున మింగితే వాంతి చేయించకూడదు. దిగేటప్పుడు ఒకసారి కాల్చింది ఎక్కేటప్పుడు రెండోసారి కాలుస్తుంది.

క్షారాల్ని తేలిగ్గా చూడకండి. తాంబూలంలో వేసుకునే సున్నం కంట్లో పడితే చాలా ఆమ్లాలకన్నా లోతుకి తొలుచుకుపోతుంది. ఆ డబ్బా పిల్లలకి అందని చోట ఉండాలి.

సీసా మీద ఎర్ర అంచు ఉన్న వజ్రాకారంలో, చేతి మీదా లోహం మీదా ద్రవం కారుతున్న బొమ్మ ఉంటే అది ఒంటిని తినేసే పదార్థం అని అర్థం. నారింజరంగు చతురస్రాల స్థానంలో 2015 నుంచి ఈ గుర్తులు వచ్చాయి. చట్టాలూ మారాయి. బ్రిటన్‌లో 2018 నవంబరు నుంచి 15 శాతం దాటిన సల్ఫ్యూరిక్ ఆమ్లం సామాన్యుల దగ్గర ఉండాలంటే లైసెన్సు కావాలి. భారతదేశంలో యాసిడ్ అమ్మేవాళ్ళు కొన్నవారి వివరాలు రాసుకోవాలని, 18 ఏళ్ళలోపు వారికి అమ్మకూడదని 2013లో సుప్రీంకోర్టు ఆదేశించింది.

ఇదంతా చదివి పిల్లల్ని సైన్సుకి దూరం చెయ్యకండి. 2005లో రాయల్ సొసైటీ ఆఫ్ కెమిస్ట్రీ కోసం తయారైన ఒక నివేదికలో, బడుల్లో నిషేధించారని టీచర్లే అనుకుంటున్న ప్రయోగాల్లో చాలావాటికి అసలు నిషేధమే లేదని తేలింది. భయపడి మానేసినవే ఎక్కువ. పిల్లలకి కావలసింది భయం కాదు, కారణం.

పిల్లలూ, ఇది మీ కోసం

అమ్మనో నాన్ననో పక్కన ఉంచుకుని, గాగుల్స్ పెట్టుకుని ఈ మూడూ చెయ్యండి.

ఒకటి: కొంచెం పసుపు గోరువెచ్చని నీళ్ళలో కలిపి, తెల్ల కాగితానికి రాసి ఆరబెట్టండి. సబ్బునీళ్ళ చుక్క వేస్తే ఎర్రబడుతుంది. నిమ్మరసం వేస్తే మళ్ళీ పసుపవుతుంది. పెళ్ళిలో దిష్టి తీసే ఎర్రనీళ్ళు చూశారా? అందులో ఎర్రరంగు కలపరు. పసుపు, సున్నం కలిపితే వచ్చే రంగే అది. మీ నాన్నమ్మ దగ్గర ఎప్పటినుంచో లిట్మస్ కాగితం ఉందన్నమాట!

రెండు: ఎత్తయిన గ్లాసులో చెంచాడు బేకింగ్ సోడా వేసి కొంచెం వెనిగర్ పొయ్యండి. నురగ తగ్గాక, ద్రవం ఒలక్కుండా గ్లాసుని వెలుగుతున్న చిన్న కొవ్వొత్తి మీదికి వంచండి. కనిపించని వాయువు కిందికి జారి మంటని ఆర్పేస్తుంది. గ్లాసుకి గానీ సీసాకి గానీ మూత ఎప్పుడూ పెట్టకూడదు, లోపల ఒత్తిడి పెరిగి పగులుతుంది.

మూడు: మందుల షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడు కొద్దిగా గాజు గ్లాసులో పోసి అర చెంచా ఈస్టు వెయ్యండి. బుడగలు వస్తాయి. వెలిగించి మంట ఆర్పిన అగరువత్తి కొనని నురగకి కాస్త పైన పెట్టండి. ధగధగా మెరుస్తుంది, ఒక్కోసారి మంటే అందుకుంటుంది. ఏ వాయువో ఇప్పుడు మీకు తెలుసు.

హైడ్రోజన్, క్లోరిన్ పరీక్షలు మాత్రం బడిలోనే. అక్కడ టీచరు ఉంటారు, గాలి లాగే గూడు ఉంటుంది, కళ్ళు కడిగే కుళాయి ఉంటుంది.

అమ్మానాన్నలకి ఈ శనివారం చిన్న పని. సింకు కింద అల్మరా తెరిచి సీసాలన్నీ బయట పెట్టండి. లేబుళ్ళు మీ పిల్లల చేత చదివించండి. ఆమ్లాలు ఒక అరలో, బ్లీచ్ వేరే అరలో, రెండూ చిన్నపిల్లలకి అందని ఎత్తులో సర్దండి. నీళ్ళ సీసాలోనో జ్యూసు సీసాలోనో పోసి ఉంచినదేమైనా కనబడితే, అది ఏమిటో తెలిసినా సరే, ఇంట్లో ఉంచకండి. కౌన్సిల్ రీసైక్లింగ్ సెంటర్‌కి ఫోను చేసి ఎలా ఇవ్వాలో కనుక్కోండి. ఊరినుంచి అమ్మమ్మా నాన్నమ్మా వచ్చే ముందు, ఏ సీసా దేనితో కలపకూడదో తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి అల్మరా తలుపు లోపల అంటించండి. ఆ చీటీ మీ పిల్లల చేతే రాయించండి.